రోమన్ల మెడలో రక్షరేకు

లికినియస్ మ్యుకియానస్ మామూలు మనిషి కాడు. సిరియాకు గవర్నర్, మూడుసార్లు కాన్సుల్. క్రీ.శ. 69లో సింహాసనం కోసం నలుగురు కొట్లాడుకుంటుంటే వెస్పేసియన్‌ను గద్దెనెక్కించినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు ఆయనది. ఇంతటి పెద్దమనిషి మెడలో తెల్లని నారబట్ట మూట ఒకటి వేలాడుతుండేది. అందులో బతికున్న ఈగ. అది ఉన్నంతకాలం కళ్లకలక దగ్గరికి రాదని ఆయన నమ్మకం. లోపలి ఈగ చచ్చినప్పుడల్లా కొత్తదాన్ని పట్టడానికి ఇంట్లో ఎవరో ఒక బానిసకు పని పడేదనుకోవాలి.

దాదాపు అదే కాలంలో సెర్విలియస్ నోనియానస్ అనే మరో ప్రముఖుడికీ కళ్లకలక భయమే పట్టుకుంది. ఈయనా కాన్సుల్ చేసినవాడే, పైగా చరిత్రకారుడు. జబ్బు పేరు తన నోట రాకముందే, ఇంకొకరి నోట వినకముందే, రక్ష కట్టుకున్నాడు. ఈగ జోలికి పోలేదు. ఒక కాగితం ముక్క మీద రో, ఆల్ఫా అని రెండే రెండు గ్రీకు అక్షరాలు రాయించి, దారంతో చుట్టి మెడలో వేసుకున్నాడు.

ఈ ఇద్దరి సంగతీ ఒకేచోట రాసిపెట్టినవాడు పెద్ద ప్లినీ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు ప్రాణాలు పోగొట్టుకున్న ఆ ప్లినీయే. మంత్రగాళ్లను తన పుస్తకం పొడుగునా దుమ్మెత్తిపోస్తాడు, వాళ్ల చిట్కాలను ఒక్కటి వదలకుండా ఎక్కిస్తాడు. ఆ తిట్టుకు, ఈ ఓపికకు, రెండింటికీ మనం రుణపడి ఉన్నాం.

ఈగకూ అక్షరాలకూ మధ్య ఉన్న తేడాలోనే రోమన్ తాయెత్తు చరిత్ర అంతా ఉంది. మొదట్లో మహిమ వస్తువుది. పగడం, కోర, తోలు, ఎముక, ఈగ, ఏదైనా సరే. రెండు మూడు వందల ఏళ్లలో ఆ మహిమ రాతకు బదిలీ అయింది. ఆ బదిలీ ఎలా జరిగిందన్నదే ఇక్కడి కథ.

రోమన్ పిల్లాడి మెడలో మొదట పడేది బుల్లా. రెండు గిన్నె రేకులను మూతి మూతి కలిపి మూసినట్టుండే గుండ్రని బిళ్ల అది. లోపల రక్ష వస్తువులు పెట్టేవారు. కలవారి పిల్లలకు బంగారం, లేనివారి పిల్లలకు తోలు. మగపిల్లాడు పుడితే తొమ్మిదో రోజున, ఆడపిల్ల పుడితే ఎనిమిదో రోజున శుద్ధి చేసి పేరు పెట్టేవారు. ఆడపిల్లలకు నెలవంక ఆకారంలో లూనులా అనే బిళ్ల ఉండేది. పుట్టిన పిల్లల్లో నాలుగో వంతుకు తక్కువ కాకుండా మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయేవారని చరిత్రకారుల అంచనా. అలాంటి ఊళ్లో మెడ బోసిగా ఉన్న పసిబిడ్డను చూస్తే ఏ అమ్మమ్మకు నిద్ర పడుతుంది?

బుల్లా ఎలా వచ్చిందంటే రోమన్లు ఒక కథ చెప్పేవారు. ఎట్రస్కన్ వంశపు రోము రాజు టార్క్వినియస్ ప్రిస్కస్ కొడుకు ఇంకా చిన్నపిల్లల అంగీ తొడుక్కునే వయసులోనే యుద్ధంలో శత్రువును చంపాడు. తండ్రి మురిసిపోయి బంగారు బుల్లా బహూకరించాడు. అప్పటినుంచి అది ఆచారమైంది. కథ మాటెలా ఉన్నా ఎట్రస్కన్ల సంబంధం మాత్రం నిజమే. వాళ్ల శిల్పాల్లోనూ సమాధుల్లోనూ ఈ బిళ్లలు రోముకంటే ముందే కనిపిస్తాయి. రోమన్లు వాళ్ల దగ్గర తీసుకుని, స్వతంత్రులకు పుట్టిన పిల్లల గుర్తుగా మార్చుకున్నారు. బానిస బిడ్డకు బుల్లా లేదు. రక్ష కూడా హోదాను బట్టే!

పిల్లాడు పెద్దవాడై, సాధారణంగా మార్చి 17న జరిగే లిబెరాలియా పండుగనాడు, పెద్దల టోగా కట్టుకునేటప్పుడు బుల్లాను తీసి ఇంటి దేవతలైన లారెస్‌కు సమర్పించేవాడు. ఇక జీవితంలో దాని అవసరం లేదన్నమాట. ఒక్కరికి మాత్రం మినహాయింపు. యుద్ధం గెలిచి రోము వీధుల్లో విజయయాత్ర చేసే సేనాని మళ్లీ బుల్లా వేసుకునేవాడు.

ఇక్కడ ప్లినీ ఇంకో ముక్క చెబుతాడు. ఫాస్కినస్ అనే దేవుడు పసిపిల్లలకూ సేనానులకూ ఒకేలా కాపలా కాస్తాడట. ఈ దేవుడి రూపం పురుషాంగం. వెస్టా గుడిలోని కన్యలే ఆయనకు పూజ చేసేవారు. విజయయాత్రలో సేనాని రథం కింద ఆ బొమ్మను వేలాడదీసేవారు. పాంపేయి, హెర్క్యులేనియం ఇళ్లలో దొరికిన గంటలు కట్టిన కంచు ఫాస్కినస్‌లను చూసి పద్దెనిమిదో శతాబ్దపు దొరలు సిగ్గుపడి, తర్వాత నేపుల్స్ మ్యూజియంలో ప్రత్యేకంగా ఒక రహస్య గదిలో పెట్టి తాళం వేశారు. పిల్లల మెడలో ఇలాంటి ‘అసభ్యమైన’ బొమ్మ కట్టడం గురించి రోమన్ పండితుడు వర్రో కూడా రాశాడు. ఆయనకది వింతగా తోచలేదు. పిల్లలకు కీడు జరక్కుండా కడతారని మామూలుగా చెప్పి ఊరుకున్నాడు.

పసిబిడ్డకూ సేనానికీ పోలికేమిటి? ఇద్దరినీ అందరూ చూస్తారు. ముద్దొచ్చే బిడ్డను చూసి ఒకరు, రథం మీద ఊరేగేవాణ్ణి చూసి ఇంకొకరు లోలోపల కుళ్లుకుంటారు. ఆ చూపు తగలకుండా చూపరి కళ్లను ఇంకోచోటికి, నవ్వు పుట్టించేదాని మీదికో రోత పుట్టించేదాని మీదికో మళ్లించాలి. కడుతున్న ఇంటి ముందు కోరలు పెట్టిన దిష్టిబొమ్మ వేలాడదీసే మేస్త్రీకి ఈ తర్కం ఎవరూ నేర్పనక్కర్లేదు.

పిల్లల మెడలో పగడపు కొమ్మ కట్టడం కూడా రోములో బాగా ఉండేది. ఈ పగడం విషయంలోనే ప్లినీ మన దేశం పేరెత్తుతాడు. రోమన్ ఆడవాళ్లకు భారతదేశపు ముత్యాలంటే ఎంత మోజో, భారతీయులకు పగడమంటే అంత మోజని, అపాయాలు రాకుండా కాపాడుతుందని అక్కడి జ్యోతిష్కులు చెబుతారని, ఎగుమతి ఎక్కువై మధ్యధరా తీరంలో పగడమే కరువైందని రాశాడు. వ్యాపారపు మాట అబద్ధం కాదు. ఒకటో శతాబ్దంలో ఒక నావికుడు రాసిన ‘పెరిప్లస్’ కూడా మన పడమటి తీరపు రేవుల్లో దిగుమతయ్యే సరుకుల్లో పగడాన్ని చెబుతుంది. ఆ ఓడల్లోనే వచ్చిన రోమన్ బంగారు నాణేలకు దక్షిణాదిలో చాలాచోట్ల చక్రవర్తి తలకు పైన జంటగా బెజ్జాలు వేసి మెడలో వేసుకున్నారు. బంగారం అందనివాళ్లు మట్టితో పని కానిచ్చారు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో, శాతవాహనుల నాటి పొరల్లో, రోమన్ నాణేన్ని అచ్చుపోసినట్టుండే మట్టి బిళ్లలు దొరికాయి. తవ్వకాలు జరిపినవాళ్లు వాటిని బుల్లాలనే పిలుస్తారు.

ఇక రాత సంగతి. రాసిన మంత్రాన్ని చుట్టచుట్టి గొట్టంలో పెట్టి మెడలో వేసుకోవడం రోమన్లు కనిపెట్టింది కాదు. సుమారు క్రీ.పూ. 1000 ప్రాంతంలో ఈజిప్టు గుళ్లలో, పుట్టిన బిడ్డకు దేవుడిచ్చిన అభయాన్ని ఒక సన్నని పపైరస్ మీద రాసి, గొట్టంలో పెట్టి ఇచ్చేవారు. పాము నుంచి, తేలు నుంచి, కూలే గోడ నుంచి కాపాడతానని దేవుడు వరసగా రాసిచ్చిన హామీపత్రం అది. సముద్ర వ్యాపారులైన ఫినీషియన్లు ఆ గొట్టాన్ని పట్టుకుపోయి కార్తేజ్, సార్డీనియా దాకా చేర్చారు. అక్కడి సమాధుల్లో సింహం తల, డేగ తల మూతలతో బంగారు గొట్టాలు, వాటిలో ఈజిప్టు దేవతల బొమ్మలు గీసిన పలుచని రేకులు దొరికాయి. 1979లో జెరూసలెం దగ్గర కెతెఫ్ హిన్నోమ్ సమాధుల్లో గాబ్రియెల్ బార్కాయ్ బృందానికి రెండు చిన్న వెండి చుట్టలు దొరికాయి. విప్పి చూస్తే యూదు యాజకులు జనానికిచ్చే దీవెన. బైబిల్లో ఉన్న మాటలకు ఇప్పటిదాకా దొరికిన అతిపాత ప్రతి అదే, ఓ మెడలో వేసుకునే రక్ష!

అంటే గొట్టం సిద్ధంగానే ఉంది, రేకూ సిద్ధంగానే ఉంది. రోమన్ సామ్రాజ్యం చేసిందల్లా వీటన్నిటికీ ఒకే బజారు కల్పించడం. ఈజిప్టు పూజారి, యూదు మంత్రజ్ఞుడు, గ్రీకు వైద్యుడు, సిరియా సిపాయి ఒకే రోడ్ల మీద తిరిగారు. క్రీ.శ. రెండో శతాబ్దం నాటికి ఒకే రేకు మీద యూదుల దేవుడి పేరు, గ్రీకు అక్షరాలు, ఈజిప్టు గుర్తులు పక్కపక్కనే కూర్చున్నాయి. అందరికంటే ఎక్కువ గిరాకీ అబ్రాసాక్స్ అనే దేవుడి పేరుకు. గ్రీకులో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుంది. ఈ పేరులోని అక్షరాల అంకెలన్నీ కూడితే 365 వస్తుంది. ఏడాది మొత్తం ఒక్క పేరులో ఇమిడిందంటే ఎవరు కాదంటారు!

ఇంత రాత ఎవరు రాసేవారు? వాళ్ల చేతిపుస్తకాలే దొరికాయి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అలెగ్జాండ్రియాలో ఉండే అనస్తాసి అనే వ్యాపారి తీబ్స్ ప్రాంతం నుంచి వచ్చిన పపైరస్ చుట్టలను సంపాదించి యూరప్‌కు అమ్మాడు. అవి లండన్, పారిస్, లైడెన్, బెర్లిన్ చేరాయి. పారిస్‌లోని పుస్తకం ఒక్కటే 3,000 పంక్తులు దాటుతుంది. జ్వరానికి ఏం రాయాలి, తలనొప్పికి ఏం రాయాలి, ఏ లోహం మీద రాయాలి అన్నీ ఉన్నాయి. ఇతరులకు కీడు చేసే శాపాలకు సీసం రేకు, రక్షకు బంగారం లేదా వెండి. పేరు రావలసినచోట ‘ఫలానా ఆవిడ కన్న ఫలానా మనిషి’ అని ఖాళీ వదిలారు.

తండ్రి పేరు కాదు, తల్లి పేరే. రోమన్ చట్టం, రోమన్ ఓటరు జాబితా, రోమన్ సమాధిరాయి, అన్నీ తండ్రిపేరు అడుగుతాయి. తాయెత్తు మాత్రం తల్లిని అడుగుతుంది. కన్నతల్లి విషయంలో సందేహం ఉండదు కదా, దేవతకు చిరునామా తప్పకూడదు. 2003లో ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో బిల్లింగ్‌ఫర్డ్ దగ్గర ఒక చిన్న బంగారు రేకు బయటపడింది. హెరెన్నియా మార్సెల్లినా కన్న టైబీరియస్ క్లాడియస్ సిమిలిస్‌కు ఆరోగ్యం, విజయం ఇవ్వమని అబ్రాసాక్స్‌ను కోరుతుంది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో దొరికిన మరో రేకు టెరెన్షియా కన్న ఫాబియాకు సుఖప్రసవం కావాలని అడుగుతుంది. రోము సామ్రాజ్యపు చిట్టచివరి అంచులో, ఎముకలు కొరికే చలిలో, ఆ ఇద్దరు తల్లుల పేర్లు నిలిచింది ఈ రేకుల వల్లే.

కొన్ని రేకుల్లో ఏకంగా కథే ఉంటుంది. డాన్యూబ్ నది ఒడ్డున కార్నుంటమ్ అనే సైనిక పట్నంలో దొరికిన వెండి రేకు తలనొప్పిది, అందునా అర్ధతలనొప్పిది. అంతావ్రా అనే పిశాచం సముద్రంలోంచి లేచి జింకలా అరుస్తూ, ఆవులా మూలుగుతూ వస్తుంది. దారిలో ఎఫెసస్ ఆర్టెమిస్ ఎదురై ఎక్కడికి పోతున్నావని నిలదీస్తుంది. సగం తలలోకి కాదు కదా అని గద్దిస్తుంది. రేకు అక్కడితో విరిగిపోయింది. పార్శ్వపు నొప్పితో ఒక్క రాత్రి గడిపినవాళ్లెవరికైనా ఆ జింక అరుపు, ఆవు మూలుగు కల్పన అనిపించవు.

జ్వరం సంగతి వేరు. రోము చుట్టూ చిత్తడి నేలలు. మూడో రోజుకోసారి, నాలుగో రోజుకోసారి వచ్చే చలిజ్వరాలు ఊరిని పీడించేవి. ఫెబ్రిస్ అని జ్వరానికే దేవతను చేసి మూడు గుళ్లు కట్టారు. రోగి ఒంటికి కట్టిన రక్షలను నయమయ్యాక తెచ్చి ఆ గుళ్లలో సమర్పించేవారు. ఈ జ్వరానికి సెరెనస్ సమోనికస్ అనే కవి తన వైద్య పద్యగ్రంథంలో ఒక మందు చెప్పాడు. అదే అబ్రకదబ్ర. నేడు పెట్టెలోంచి కుందేలును తీసే గారడీవాడి మాట, పుట్టింది మలేరియా చీటీ మీద. కాగితం మీద ఆ పదాన్ని పూర్తిగా రాసి, కింది పంక్తిలో చివరి అక్షరం తీసేసి రాయాలి. అలా ఒక్కొక్కటే తగ్గిస్తూ ఒక్క అక్షరం మిగిలే దాకా రావాలి. మొత్తం గరాటులా తయారవుతుంది. నారదారంతో మెడకు కట్టాలి. పదం ఎలా కరిగిందో జ్వరం అలా కరుగుతుందని. సెర్విలియస్ మెడలోని రెండక్షరాలు ఇక్కడికొచ్చేసరికి బొమ్మగా మారాయి. అర్థంతో పని లేదు, చదవడంతోనూ పని లేదు. రాత ఉంటే చాలు.

మరి వైద్యులు ఊరుకున్నారా? ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మనిషి గాలెన్. మార్కస్ ఆరీలియస్ చక్రవర్తికి వైద్యం చేసినవాడు. మూర్ఛరోగం ఉన్న ఒక పిల్లాణ్ణి చూశాడు. మెడలో పియోనీ అనే మొక్క వేరు కట్టి ఉంది. అది కట్టినప్పటినుంచి ఎనిమిది నెలలు ఒక్కసారీ మూర్ఛ రాలేదు. ఒకరోజు వేరు జారిపడింది, వెంటనే మూర్ఛ వచ్చింది. మళ్లీ కడితే ఆగింది. గాలెన్ ‘మంచిదే’ అని వెళ్లిపోలేదు. కావాలని వేరు విప్పించి చూశాడు. మళ్లీ మూర్ఛ! అప్పుడు ఇంకా పెద్దది, పచ్చిది తెచ్చి కట్టాడు. వేరులోంచి ఏవో కణాలు ఊపిరిలోకి పోతున్నాయని కారణం ఊహించాడు. నేటి పద్ధతిలో చూస్తే ఒక్క పిల్లాడి మీద చేసింది పరీక్షే కాదు. ఆ పిల్లాడి తల్లిదండ్రులు ఏమన్నారో ఆయన రాయలేదు. అయినా తాయెత్తును విప్పి చూద్దామని అనుకోవడమే అప్పటికి పెద్ద తెగింపు.

ఇంకో పరీక్ష మరీ ముచ్చటైనది. కడుపునొప్పికి ఆకుపచ్చ జాస్పర్ రాయి మంచిదని పేరు. దాని మీద తలచుట్టూ కిరణాలున్న పాము బొమ్మ చెక్కాలని ఈజిప్టు రాజు నెకెప్సోస్ పేరిట ఒక పుస్తకం చెప్పేది. అలాంటి రాళ్లు నేడు మ్యూజియాల్లో బోలెడు. గాలెన్ ఏం చేశాడంటే, బొమ్మ లేని ఉత్త రాళ్లతో దండ గుచ్చి, కడుపు పైభాగానికి తగిలేలా వేసి చూశాడు. ఫలితంలో రవ్వంత తేడా లేదని రాశాడు. మహిమ రాతలోకి బదిలీ అయిందని జనమంతా నమ్ముతున్న కాలంలో, లేదు, ఉంటే గింటే రాయిలోనే ఉందన్న మనిషి ఆయన. రాయికి మహిమ ఎక్కడిదని మాత్రం అడగలేదు.

గాలెన్‌కు ఒక తరం ముందు, ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల కాలంలో రోములో స్త్రీల వైద్యం చేసిన సొరానస్ ఇంకా తెలివిగా తేల్చాడు. రక్తస్రావానికి కట్టే రక్షల వల్ల నేరుగా ఏ ప్రయోజనమూ లేదన్నాడు, కానీ వద్దనకూడదన్నాడు. ఆశ పుడితే రోగి మనసు కుదుటపడుతుందని ఆయన వాదన. ఇప్పటి ఆస్పత్రిలో ఐ.సి.యు. బయట దారం తెచ్చి కట్టమని అడిగే బంధువులకు చాలామంది డాక్టర్లు ఇచ్చే జవాబు ఇదే.

ప్రభుత్వానికి ఈ ఓపిక లేకపోయింది. రాసిన రక్షకూ రాసిన శాపానికీ తేడా చూసేవాడికి తెలియదు, రెండూ చుట్టచుట్టిన రేకులే, ఒకే మనిషి రాసినవే కావచ్చు. చక్రవర్తికి అదే భయం. నాలుగో శతాబ్దం తొలి పాతికేళ్లలో కాన్‌స్టంటైన్ చట్టం చేస్తూ కాస్త న్యాయంగానే ఉన్నాడు. మనుషులకు హాని చేసే మంత్రవిద్యకు శిక్ష, ఒంటి జబ్బులకూ పంటల రక్షణకూ చేసుకునేదానికి మినహాయింపు. ఆయన కొడుకు రెండో కాన్‌స్టాంటియస్ హయాంలో ఆ గీత చెరిగిపోయింది. 359లో నేటి ఇజ్రాయెల్‌లోని సిథోపోలిస్‌లో మంత్రవిద్య విచారణలు జరిగాయి. నాలుగోరోజు జ్వరానికి మెడలో రక్ష వేసుకున్నా సరే, మరణశిక్షేనని చరిత్రకారుడు అమ్మియానస్ రాశాడు. జ్వరం చంపకపోతే తాయెత్తు చంపేది.

క్రైస్తవ మతగురువుల పోరు ఇంకొక రకం. జనం రేకులు మానలేదు, రేకు మీది దేవుణ్ణి మార్చారు. ఆడవాళ్లు సువార్త వాక్యాలను మెడలో వేసుకుంటున్నారని, కొందరు అలెగ్జాండర్ బొమ్మ ఉన్న రాగినాణేలను తలకూ కాళ్లకూ కట్టుకుంటున్నారని జాన్ క్రిసోస్టమ్ అంతియొకయలో మండిపడ్డాడు. ఉత్తర ఆఫ్రికాలో అగస్టీన్ కాస్త మెత్తబడ్డాడు. తలనొప్పి వస్తే తాయెత్తు కోసం పరుగెత్తడం కన్నా యోహాను సువార్తను తలదగ్గర పెట్టుకోవడం నయమేనని ఒప్పుకున్నాడు, పుస్తకం అందుకోసం రాసింది కాదని గుర్తుచేస్తూనే. నాలుగో శతాబ్దపు లవొదికయ సంఘసభ మాత్రం ఖచ్చితంగా చెప్పింది. మతగురువులు రక్షలు తయారుచేయరాదు, వాటిని వేసుకునేవాళ్లను సంఘం నుంచి వెలివేయాలి. మతగురువులకు విడిగా చెప్పవలసి వచ్చిందంటే, చేస్తున్నది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

2018లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో, ఒకప్పటి నిడా అనే రోమన్ పట్నపు శ్మశానంలో ఒక మగమనిషి అస్థిపంజరం గడ్డం కింద 3.5 సెంటీమీటర్ల వెండి గొట్టం దొరికింది. సమాధి క్రీ.శ. 230, 270ల మధ్యది. లోపలి రేకు విప్పితే పొడి అయిపోతుంది. అందుకని 2024లో మైన్స్‌లోని పరిశోధనా కేంద్రంలో సీటీ స్కాన్ తీసి, కంప్యూటర్‌లోనే మడతలు విప్పి చదివారు. 18 పంక్తుల లాటిన్. అబ్రాసాక్స్ లేడు, ఈజిప్టు గుర్తులు లేవు, ఇంకే దేవుడి పేరూ లేదు. ఉన్నది యేసుక్రీస్తు పేరు, పౌలు శిష్యుడు తీతు పేరు, ప్రతి మోకాలూ క్రీస్తు ముందు వంగాలన్న ఫిలిప్పీ పత్రికలోని మాట. దాన్ని వేసుకున్న మనిషి బతికిన కాలంలో క్రైస్తవుణ్ణని చెప్పుకోవడమే ప్రమాదం. ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన క్రైస్తవ మతానికి ఇంతవరకు దొరికిన అతిపాత సాక్ష్యం ఇదేనని పండితులు 2024 డిసెంబర్‌లో ప్రకటించారు. అంటే ఆ సాక్ష్యం చర్చి కాదు, శిలువ కాదు, శాసనం కాదు. సుమారు వందేళ్ల తర్వాత అదే మతం సభ పెట్టి మరీ నిషేధించిన తాయెత్తు.